నాలుగో బొట్టు

ఎనిమిదో బెజ్జం దగ్గర రాజులమ్మ ఆగి నడుం సర్దుకుంది. బళ్లకు నిచ్చెనలూ కారియర్లూ బిగించే ఆ షెడ్డులో రేకుకు డ్రిల్లు పెట్టేది యజమాని వరహాలు. ఆ తరవాతదంతా ఆమె పని. బెజ్జం అంచును ఆకురాయితో నున్నగా గీయాలి. ఇనుప రజను ఒక్క పలుకు మిగలకుండా ఊడ్చాలి. థిన్నరు గుడ్డతో తుడవాలి. కొబ్బరి ఈనెకు చుట్టిన పేలికను రెడ్ ఆక్సైడ్ డబ్బాలో ముంచి బెజ్జం చుట్టూ, లోపలి అంచుకూ పూయాలి. కాశీబుగ్గలో ఆ షెడ్డు వాళ్లు దాన్ని బొట్టు పెట్టడం అంటారు. బొట్టు ఆరాకే బోల్టు ఎక్కాలి. ఉద్దానం ఉప్పుగాలికి పచ్చి ఇనుము కనిపిస్తే చాలు, కొరికి తినేస్తుంది.

అదే షెడ్డులో వెల్డింగు చేసే పెనిమిటి పోలారావు పదకొండేళ్ల కిందట పోయాక ఈ డబ్బా ఆమె చేతికొచ్చింది. నుదుటి బొట్టు పోయి బళ్ల బొట్టు మిగిలిందని అప్పట్లో ఎవరో అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేసింది. పొట్టి మనిషి. గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని ఎరుపు. 'మా అప్ప సెయ్యి పడితే తుప్పట్టదు' అని వరహాలు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు గుమ్మడికాయల దొంగ అన్నట్టుంటుంది, చెయ్యి భుజం మీదికి పోతుంది.

పదిగంటలకు ఆ భుజం తడుముకోవాల్సిన బండి రానే వచ్చింది. డొంకూరు యువరాజు చేపల వ్యాను. వెనక నిచ్చెనను ఏదో లారీ గుద్ది వంచేసింది.

"ఇది పీకీసి కొత్తది ఎట్టు మావా. దీనికన్నా ఎడల్పుది."

"ఎడతాను గానీ, పాత బెజ్జాలకాడ తుప్పట్టిందో నేదో ముందల సూడాల. పట్టిందంటే రేకు కొయ్యాల. నాలుగు రోజులు బండి ఈడే" అన్నాడు వరహాలు.

రాజులమ్మ చెయ్యి భుజం మీదికి పోయింది. ఆ నిచ్చెన కింద ఉన్నవి నాలుగు బెజ్జాలు. ఆమె బొట్టు పెట్టింది మూడింటికే.

ఆరేళ్ల కిందట వ్యాను కొత్తగా వచ్చినరోజు, నాలుగోదాన్ని తుడిచి ఈనె ముంచబోతుండగా యువరాజు పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చాడు. "కొత్త బండి అత్తా. ముందల పుణ్యస్త్రీ సెయ్యి పడాల. నువ్వు తప్పుకో" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే ఎదురు చెప్పేదేమో. డబ్బా అక్కడే వదిలేసి కుళాయి దగ్గరకు పోయి, పోని ఎరుపును కడుగుతూ నిలబడిపోయింది. బండి ముందు కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి వరహాలు నాలుగు బోల్టులూ బిగించేశాడు. విప్పమంటే ఎందుకంటాడు. చెబితే గొడవ. చెప్పలేదు. అప్పటినుంచీ వాన పడ్డప్పుడల్లా ఆమెకు డొంకూరులో తడుస్తున్న ఆ ఒక్క బెజ్జం గుర్తొచ్చేది. తనను అన్న మాటకు బండి శిక్ష అనుభవించడం ఆమెకు ఎంతమాత్రం నచ్చలేదు.

స్పానరు తిరిగింది. మొదటి బోల్టు కింద ఎరుపు చెక్కుచెదరలేదు. రెండోది, మూడోది కూడా అంతే.

"సూసినావా మా అప్ప సెయ్యి!"

నాలుగోది మొరాయించింది. రాజులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తమ్ముడూ, అది..." అంటుండగానే ఊడొచ్చింది.

దాని కిందా ఎరుపే.

వరహాలు స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. రేకు గట్టిగా ఉంది. రాజులమ్మ వంగి చూసింది. ఈనెతో పూసింది కాదు. మందంగా, వంకరగా బెజ్జం పక్కకు జారి ఉంది. అందులో వేలి గీతలున్నాయి.

"ఇది నాను ఎట్నేదు తమ్ముడూ. ఆ రోజు నాను మూడే ఎట్టినాను" అంది. ఆరేళ్లు దాచిన మాట అంత తేలిగ్గా వచ్చేసింది.

వరహాలు తనూ కాదని తలూపాడు. యువరాజు దగ్గరకొచ్చి ఆ గుర్తు పక్కన తన వేలు ఆనించి చూసుకున్నాడు. అది ఇంకా సన్నటి వేలు.

"మాయమ్మది" అన్నాడు.

రాజులమ్మకు గుర్తొచ్చింది. ఆ రోజు పూజ దగ్గరకు రాకుండా, బండి వెనక పాత టైర్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. గంగమ్మ. ఆమె నుదుటా బొట్టు లేదు.

"అప్పుడు వారం రోజులు మాయమ్మ ఉంగరపు వేలు ఎర్రగా ఉండీది అత్తా. ఏటని అడిగితే, నీ బండికి బొట్టెట్టినానురా అనీది. పూజకాడికే రానిదానివి ఎలగెట్టినావని నవ్వీవోళ్లం." వేలు ఇంకా ఆ గుర్తు పక్కనే ఉంచాడు. "పోయి రెండేళ్లయిపోనాది."

రాజులమ్మకు నవ్వొచ్చింది, కళ్లూ నిండాయి. తను కుళాయి దగ్గర చేతులు కడుగుతుంటే ఒక మనిషి తన పని పూర్తిచేసింది. ఆమెతో తను ఒక్క మాటైనా మాట్లాడలేదు. అయినా ఒళ్లంతా తేలికైపోయింది.

కొత్త నిచ్చెనకు బెజ్జాలు పడ్డాయి. ఈనె ముంచి ఆమె యువరాజు వైపు చూసింది.

"నువ్వే ఎట్టత్తా" అన్నాడు తల దించుకుని.

నాలుగింటికీ పెట్టింది. పాతవాటికి గ్రీజు రాసి రబ్బరు బిరడాలు నొక్కింది. వరహాలు వాటి చుట్టూ తెల్లరంగు కొట్టబోతే యువరాజు అడ్డొచ్చాడు. "ఆ ఒక్కటీ ఉంచీ మావా."

"ఉట్టినే వదిలితే ఉప్పుగాలికి నిలవదురా" అని రాజులమ్మ దాని మీద రంగులేని వార్నీషు రెండు పూతలు వేసింది.

సాయంత్రం నాలుగింటికి వ్యాను హైవే ఎక్కింది. వెనక తలుపు పక్కన, నల్లటి బిరడాను ఆనుకుని, గంగమ్మ ఉంగరపు వేలంత ఎరుపు.