శబ్దం బాగున్న టీవీ

టీవీ కొనాలన్న ఆలోచన సుందరవల్లిది. ఎందుకు కొనాలో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. తన బదులు దాన్ని ఇంట్లో పెట్టి, అన్నూరులో ఉన్న అన్న ఇంటికి వెళ్ళిపోవాలని ఆమె ఉద్దేశం. నాలుగు రోజులుండి రావడానికి కాదు, వెళ్ళిపోవడానికే.

మొగుడు తిరుమలై చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. మిల్లులో మగ్గాల మీద నేత పని, జీతం తెచ్చి ఆమె చేతిలోనే పెడతాడు. ఇలాంటివాణ్ణి వదిలి వచ్చానంటే అన్నూరులో నలుగురూ నవ్వుతారు. నవ్వనీ. మాట్లాడని మనిషితో కాపురం చేసి చూస్తే తెలుస్తుంది వాళ్ళకు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. పక్కన కూర్చుని చెబితే గోడ వంక చూస్తాడు. ఎదురుగా నిలబడి అడిగితే ఊ అంటాడు. చారులో ఉప్పు సరిపోయిందా అంటే ఊ. తిరుమంగళంలో కాపురముంటున్న కూతురు నీళ్ళోసుకుందట అంటే అప్పుడూ అదే ఊ. ఆ రోజు సుందరవల్లి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పోనీ, అది అతని తత్వమే అనుకుని సరిపెట్టుకుందామా అంటే అదీ లేదు. మిల్లు నేస్తం పళనివేల్ వచ్చి అరుగు మీద ఎదురుగా కూర్చుంటే తిరుమలై వేరే మనిషైపోతాడు. తమిళంలో ఎడతెగని కబుర్లు, పకపక నవ్వులు. తలుపు వెనక నిలబడిన సుందరవల్లికి ఒళ్ళు మండిపోయేది. ఊరందరికీ ఉన్న మాటలు తన దగ్గరే కరువయ్యాయా అనుకునేది.

ఆ ఇంటికి ఒక కట్టుబాటుంది. గడప బయట ఎంత తమిళమైనా మాట్లాడుకోవచ్చు, గడప లోపల తెలుగే. కోయంబత్తూరి పాత తెలుగు కుటుంబాల్లో అది కొత్త కాదు కానీ, అత్త జానకమ్మాళ్ దాన్ని మడి కట్టుకున్నంత గట్టిగా పాటించింది. "మనోళ్ళు ఆ కాలంలో మూట కట్టుకోని వొచ్చినదే ఈ మాట ఒకటి. దాన్ని గూడా వీదిలో పారబోసేస్తారా?" అని కసిరేది. ఆమె పోయాక కూడా సుందరవల్లి ఆ కట్టు తప్పలేదు. తప్పవచ్చునన్న ఊహే ఆమెకు రాలేదు.

దీపావళి బోనస్ వచ్చాక ఇద్దరూ సింగానల్లూరు నుంచి బస్సెక్కి గాంధీపురం వెళ్ళారు. టీవీ షాపు ఈశ్వరన్‌దీ తెలుగు ఇల్లే. పగటిపూట టీవీలో ఏమీ రాని కాలమది. అందుకని అతను వీడియో క్యాసెట్ పెట్టి ఏదో తమిళ నాటకం ఆడిస్తున్నాడు.

ముందుగా, చెక్క తలుపులున్న పెద్ద టీవీ చూపించాడు. బొమ్మ కాస్త అలుక్కుపోయినట్టుంది కానీ, మోతకి షాపు అద్దాలు అదురుతున్నాయి. తిరుమలై కాసేపు తేరిపార చూసి మొహం చిట్లించాడు.

"మాట తేటగా లేదు. సత్తం సాలదు" అన్నాడు.

ఈశ్వరన్ తెల్లబోయాడు. "సాలదాండి? వీది కొసదాకా వినపడతా ఉండాదే" అన్నాడు. తిరుమలై అప్పటికే పక్క టీవీ వైపు తిరిగిపోయాడు. నలుగురిలో వంకలు పెట్టడానికైతే నోరు బాగానే లేస్తుంది అనుకుంది సుందరవల్లి.

రెండోది చిన్నది. బొమ్మ మాత్రం అద్దంలో చూసుకున్నట్టుంది. తెర నిండా ఒక ముసలావిడ ముఖం, ఏదో చెప్పుకుని ఏడుస్తోంది. అంతలో బల్ల మీది ఫోను మోగింది. ఈశ్వరన్ టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసి ఫోను అందుకున్నాడు. షాపులో పైన తిరిగే ఫ్యాను, అతని మాటలు తప్ప ఇంకేమీ వినబడడం లేదు.

తిరుమలై ఆ తెర ముందు నుంచి కదలలేదు. కళ్ళు చెమర్చాయి.

"ఇది బాగుండాది. ఒక్కో మాటా ఎంత తేటగా వినపడతా ఉండాదో సూడు" అన్నాడు. "పాపం, ఆ యమ్మ కన్నబిడ్డను ఇంకొకరికి ఇచ్చేసినాదంట."

సుందరవల్లి టీవీ వంక చూసింది. మొగుడి వంక చూసింది. అతని వెనక్కి వెళ్ళి, "ఏమండీ" అంది. గొంతు పెంచి మళ్ళీ పిలిచింది. ఫోనులో మాట్లాడుతున్న ఈశ్వరన్ తిరిగి చూశాడు గానీ తిరుమలై చూడలేదు.

ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది. తెర మీది ముసలావిడ మాటలూ, అరుగు మీద పళనివేల్ కబుర్లూ తమిళమే. షాపులో తమిళానికి అడ్డేముంది? "ఏనుంగ, ఇదయే వాంగిక్కలామా?" అంది, ఇదే కొనుక్కుందామా అని. గొంతులోంచి చప్పుడు రానివ్వలేదు, పెదవులే కదిపింది.

"వాంగిక్కలాం" అన్నాడు తిరుమలై, ఠక్కున.

బస్సులో సుందరవల్లి తల తిప్పుకుని కిటికీ బయటే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆ సాయంత్రం టీవీని బల్ల మీద పెట్టించాక, ఆమె పీట తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో గడప లోపల మొట్టమొదటిసారి తమిళం మాట్లాడింది. ఎన్నాళ్ళ నుంచి వినబడడం లేదని అడిగింది.

తిరుమలై ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. తలవంచుకుని, తెలుగులోనే చెప్పాడు.

"శానా కాలమాయె. ఆ తరుల మోతలో, ఆ మగ్గాల మోతలో పొయ్యినాయి సెవులు. తెలిస్తే తరి కాణ్ణించి తీసేసి కసువూడ్సే పనికి ఏస్తారు. అందుకే ఎవురికీ సెప్పలా."

నాక్కూడానా అంది ఆమె. అతను తల దించుకుని ఉండడం చూసి, గడ్డం పట్టుకుని పైకెత్తి మళ్ళీ అడిగింది.

"మిల్లులో ఎవురి మాటా ఎవురికీ వినపడదు. నోరు సూసి తెలుసుకునేదే. ఆడ అందరూ తమిళమే. మన మాట పేసే నోరు ఆడ ఒకటీ లేదు. నువ్వు పెదువులు మెదిపితే, ఏమి సెప్తా ఉండావో నాకు దొరకదు. ఏమని అడిగితే సెవుడని తెలిసిపోతాదని ఊ అంటాను."

సుందరవల్లి ఇక దాచలేకపోయింది. రేపు అన్నూరు వెళ్ళిపోవాలనుకున్నానని, తిరిగి రాకూడదనుకున్నానని తమిళంలో చెప్పింది.

"తెలుసు. నీ సీరలు పెట్టెలో సర్దేది సూసినాను" అన్నాడు తిరుమలై. "ఏంటికి పోతా ఉండావని అడగాలని శానా అనుకున్నా. నువ్వు సెప్పినా నాకు తెలీదు గదా. అందుకని అడగలా."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడిస్తే పెదవులు వణుకుతాయి, అతనికి మాట దొరకదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, దీపం వెలుగు తన నోటి మీద పడేలా జరిగి కూర్చుని, తాను వెళ్ళడం లేదని తమిళంలో ఒక్కొక్క మాటగా చెప్పింది.