డెలివరీ: అడిగినప్పుడు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి కొత్తగూడెం స్టేషన్ రోడ్డులో మా అబ్బా దుకాణానికి వచ్చే గిరాకీలకు కూడా తెలుసు. అందుకే ఆ రోజు నేను రోడ్డు మీదికి వినపడేలా అరిచినా, పక్కనున్న చాయ్ హోటల్ వాళ్లు ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ తమ పనిలో పడ్డారు.

"నా మెమోను చెక్కకు అంటించినవా? నీకేమన్న తెలివుందా అబ్బా!"

మా అబ్బా జహూర్ పటాలు కట్టే మనిషి. భద్రాచలం రాముడి కల్యాణం, మక్కా మదీనా, రిటైరైన గని కార్మికుల సన్మాన పత్రాలు, ఏదైనా సరే, ఆయన కట్టాడంటే ముప్ఫై ఏళ్లు గోడ దిగదు. మా వైపు వానాకాలం తేమకు అద్దం వెనక కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. అందుకని మా దాదా కాలం నుంచీ ఒకటే పద్ధతి. వేపాకు ఉడికించిన నీళ్లలో మైదా కలిపి జిగురు కాస్తారు. కాగితాన్ని ప్లైవుడ్ చెక్కకు మొత్తంగా అతికించేస్తారు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా ఇంటర్ మార్కుల మెమో రెండేళ్లుగా ఆ దుకాణం గోడకు వేలాడుతోందనీ తెలుసు. కానీ కన్నకూతురి ఒరిజినల్ సర్టిఫికెట్‌ను కూడా అలాగే అతికిస్తాడని కలలో కూడా అనుకోలేదు. నాలుగు మేకులు పీకితే చేతిలోకి వచ్చేస్తుందనుకుని వెళ్లాను.

రేపు సాయంత్రం నాలుగింటిలోపు ఖమ్మం మెడికల్ కాలేజీలో ఒరిజినల్స్ ఇచ్చి చేరాలి. అదే చివరి రౌండు. చేరకపోతే ఎంబీబీఎస్ సీటు పోతుంది. డూప్లికేట్ మెమో కోసం బోర్డుకు పెట్టుకుంటే ఎన్ని రోజులు పడుతుందో దేవుడికే తెలియాలి.

ఇంకో ఘనకార్యం కూడా చేసి వచ్చాను. ఆ పొద్దున్నే డిగ్రీ కాలేజీ నుంచి టీసీ తెచ్చుకున్నాను. బీఎస్సీ రెండేళ్లు పూర్తయింది, ఇంకో ఏడాది మిగిలింది. మాకు బోటనీ చెప్పే శ్యామల మేడమే అడ్మిషన్ల పని కూడా చూస్తారు. టీసీ మీద సంతకం పెట్టేముందు కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు.

"మిగతా ఒరిజినల్స్ అన్నీ చేతుల ఉన్నయా అమ్మాయ్? ఒకసారి ఇది కట్ చేస్తే మళ్లీ నిన్ను చేర్చుకునుడు నాతోని కాదు. ఇంటికి పోయి అన్నీ చూసుకొని మధ్యాహ్నం రా."

"అన్నీ ఉన్నయి మేడం. జల్దీ ఇయ్యండి. ఇప్పటికే ఈడ రెండేండ్లు వేస్ట్ అయినయి."

ఆ రెండేళ్లూ నాకు పాఠం చెప్పిన మనిషి ముఖం మీదే ఆ మాట అన్నాను. ఆవిడ సంతకం పెట్టి కాగితం నా ముందుకు జరిపారు.

ఇప్పుడు అటు డిగ్రీ పోయింది, ఇటు మెడిసిన్ చెక్కకు అతుక్కుని ఉంది. స్టూలు మీద కూలబడ్డాను.

"నువ్వే కద బేటా..." అని ఆపేశాడు అబ్బా.

ఆయన మింగేసిన మాట నాకు తెలుసు. రెండోసారి నీట్‌లో ర్యాంకు రానప్పుడు, ఇదే మెమోను నడింట్లో విసిరికొట్టి, "దీంతోని నాకేం పని లేదు, పొయ్యిల పెట్టుకోండి" అని అరిచింది నేనే. అమ్మీ ఏడ్చింది. అబ్బా వంగి కాగితం తీసి, మడత పడ్డ మూలను బొటనవేలితో సరిచేసి, దుకాణానికి పట్టుకుపోయాడు. తర్వాత నేను మెమో జిరాక్స్ ఇచ్చి బీఎస్సీలో చేరాను. ఈ ఏడాది ఎవరికీ చెప్పకుండా మూడోసారి నీట్ రాశాను. ర్యాంకు వచ్చాకే ఇంట్లో చెప్పాను. పొయ్యిలో పెట్టమన్న మెమో మళ్లీ కావాల్సి వస్తుందని ఆ రోజు ఎవరికి తెలుసు?

అబ్బా పటాన్ని బోర్లించి వెనకున్న ఖాకీ కాగితం చించాడు. చెక్క మీద పెన్సిల్ రాత కనిపించింది. కట్టిన ప్రతి పటం వెనకా గిరాకీ పేరు, ఇవ్వాల్సిన తేదీ రాయడం ఆయనకు అలవాటు. అక్కడ ఇలా ఉంది: షబ్రీన్. డెలివరీ: అడిగినప్పుడు.

"ఏంది అబ్బా ఇది?"

"రాయాలె గద. తేదీ నాకు తెల్వదు. ఎప్పుడన్న ఒకరోజు అడుగుతవని మాత్రం తెలుసు."

"మరి తెలిసి ఎందుకు అంటించినవ్?"

"అడిగితే పటమే ఇద్దామనుకున్న. డాక్టర్ కాలేజోళ్లకు అద్దంతోని ఇస్తే ఇంకా ఇజ్జత్ ఉంటది గదా అని."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. నా మీద నాకే నమ్మకం పోయిన రోజున, ఆయన నా పేరు రాసి పెట్టుకున్నాడు. అలాంటి మనిషిని బజారులో నిలబెట్టి తిట్టానని సిగ్గేసింది.

ఇంత జరిగాక కూడా నాకు ఓపిక లేదు. చాకు తీసుకుని ఒక మూల గీకాను. గోరంత కాగితం పొరగా లేచి వచ్చేసింది.

"ఆగు!" అని అబ్బా నా చెయ్యి పట్టుకున్నాడు. "చినుగుతది. నీళ్లతోని నానబెడదాం."

"నీళ్లు పడితే సంతకం, ముద్ర కారిపోతయి."

ఇంక సిగ్గు చంపుకుని శ్యామల మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"అన్నీ చేతుల ఉన్నయన్నవ్ గదా!"

"అబద్ధం చెప్పిన మేడం."

కాసేపు తిట్టారు. పడ్డాను. ఆ తర్వాత ప్రాక్టికల్ పరీక్షలో అడిగే గొంతుతో, "జిగురు దేంతోని కాచిండ్రు?" అన్నారు.

"మైదాతోని."

"మైదాల ఉండేది ఏంది?"

"స్టార్చ్ మేడం."

"స్టార్చ్‌ను ఏది విడగొడుతది?"

"అమైలేజ్..." అన్నాను. అంటూనే లేచి నిలబడ్డాను. మొదటి ఏడాది ల్యాబులో పది సార్లు చేసిన ప్రయోగం అది.

"ల్యాబ్‌ల ఆ ఎంజైమ్ సీసా ఉంది. ప్రిన్సిపాల్‌కు చెప్పి తెస్త. నేను వచ్చేదాంక చాకు ముట్టకు."

అరగంటలో స్కూటీ మీద వచ్చారు. ముందు చెక్క అంచున ఎండిన జిగురు మీద అయోడిన్ చుక్క వేశారు. అది నల్లటి నీలంగా మారింది.

"స్టార్చే. ఫెవికాల్ అయితే మన పని అయిపోయేది."

"మా దుకాణంల ఫెవికాలా మేడం?" అని అబ్బా నొచ్చుకున్నాడు.

ముందు వైపు తడి తగలకూడదు కాబట్టి చెక్క వెనక నుంచి పోదామన్నారు మేడం. ఆ పని అబ్బాదే. ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలే కదా. ఉలి పెట్టి పెన్సిల్ రాత ఉన్న మొదటి పొరను ముక్కలు కాకుండా లేపి పక్కన పెట్టాడు. మిగతా పొరలను ఒక్కొక్కటే చెక్కేశాడు. చివరికి మెమో వెనక కాగితమంత పలుచని చెక్క పొర ఒక్కటే మిగిలింది. నేను ఎంజైమును గోరువెచ్చటి నీళ్లలో కలిపాను. మేడం తడి పీల్చే అద్దుడు కాగితాలను అందులో తడిపి, నీరు పిండేసి, ఆ పొర మీద పరిచారు. ఇక ఆగడమే పని. బయట వాన మొదలైంది. నలభై నిమిషాలు నేను నోరు మూసుకుని కూర్చోవడం అబ్బా చూడటం అదే మొదటిసారి.

సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు వినిపించే వేళకు అబ్బా సన్నటి వెదురు బద్దను మెమోకూ చెక్క పొరకూ మధ్య దూర్చాడు. అంగుళం అంగుళం జరిపాడు. మెమో మొత్తంగా ఊడి వచ్చింది. పేరు, మార్కులు, సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. పోయింది నేను చాకుతో గీకిన మూల ఒక్కటే.

"మేడం, పొద్దున అన్న మాట..."

"వేస్ట్ అన్నవ్."

"తప్పయింది మేడం."

"తప్పు గాదు, తొందర. డాక్టరయినంక గా తొందర పేషెంట్ల దగ్గర చూపెట్టకు" అని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు ఖమ్మంలో కౌంటర్ దగ్గరి ఆఫీసరు మెమోను తిప్పి చూసి నొసలు ముడిచాడు.

"వెనక ఈ చెక్క గీతలేంది?"

"నా తప్పు సార్" అని నేనూ అబ్బా ఒకేసారి అన్నాం.

ఆయన మా ఇద్దర్నీ చూశాడు. మెమో నంబరు కంప్యూటర్‌లో కొట్టి సరిచూశాడు, వెలుతురుకు ఎత్తి ముద్ర చూశాడు. చివరికి ఫైలులో పెట్టి రసీదు నా చేతికిచ్చాడు.

"చేరినట్టేనమ్మా. ఒరిజినల్స్ మా దగ్గరే ఉంటయి."

"మళ్లెప్పుడు ఇస్తరు సార్?" అని అబ్బా మెడ చాచి అడిగాడు, రోజూ తన గిరాకీలు అడిగినట్టే.

"కోర్సు అయిపోయినంక."

బయటికి రాగానే అబ్బా సంచిలోంచి నిన్నటి చెక్క పొర తీశాడు. 'అడిగినప్పుడు' అన్న మాటను కొట్టేసి, పెన్సిల్ పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇప్పుడు తేదీ చెప్పు బేటా."

వేళ్ల మీద ఐదున్నరేళ్లు లెక్కపెట్టి నెలా సంవత్సరం చెప్పాను. పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

"ఈసారి జిగురు పెట్టనులే" అన్నాడు.

"పెట్టుకో అబ్బా. తీసుడు నాకు వచ్చు గదా."