మగ్గాల మాట

మగ్గాల షెడ్డులో నోరున్న వాళ్లంతా మూగవాళ్లే. ఆ మోతలో అరిచి చావడం ఎందుకని అక్కడి ఆడవాళ్లు ఎప్పుడో గొంతు మానేశారు. పెదాలు సాగదీసి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. మేస్త్రీ వీపు తిప్పితే చాలు, అతని పక్కనే నిలబడి ఏడు తరాలనీ తిట్టిపోయగలరు. ఆ సుఖం ఏ ఆఫీసులో దొరుకుతుంది చెప్పండి!

చిక్కల్లా ఆ మాటని ఇంటికి మోసుకురావడంతోనే వచ్చింది. ఒక ఇంట్లో అత్త జీవితమంతా ఆ షెడ్డులోనే అరగదీసి దిగిపోయింది. ఆమె మగ్గం దగ్గరే ఇప్పుడు కోడలు నిలబడుతోంది. ఆ మోతకి చెవులు పోగా, అత్తకి కుడి చెవి కాస్త మిగిలింది. కొత్త యంత్రాలొచ్చాక చేరిన కోడలికి రెండూ పోయాయి. ఎదుటి మనిషి పెదాలు కనిపిస్తేనే ఆమెకి మాట అందుతుంది. లారీ నడిపే మొగుడు ఇల్లు చేరేదే తక్కువ, చేరితే నిద్ర. ఆ ఇంట్లో కబుర్లకి లోటు లేదు, చప్పుడే లేదు.

అక్కడ పుట్టింది పిచ్చుక. కిచకిచలాడుతుందన్న ఆశతో నాన్నమ్మ పెట్టిన ముద్దుపేరది. నాలుగో ఏడు వచ్చినా పిల్ల నోట ఒక్క మాట పెగల్లేదు. అలాగని తెలివి తక్కువదా అంటే, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆకలైతే పెదాలు కదిపి అన్నం అడుగుతుంది, నాన్నమ్మ నడకని వేళ్లతో వెక్కిరిస్తుంది. ఏడవడానికి ఉన్న గొంతు మాటకి మాత్రం లేదు. మగ్గాల మాట ఇంత చిన్నప్పుడే పట్టేసిందని తల్లి షెడ్డంతా చెప్పుకుని మురిసింది. ఆ మురిపెమే తర్వాత ఆమెని కాల్చుకుతింది.

బడిలో చేర్చబోతే పంతులమ్మ తల అడ్డంగా ఊపింది. చెవిటి పిల్లలకి వేరే బడి ఉందట, చాలా దూరమట, హాస్టల్లో ఉంచాలట. తల్లి పిల్లని చంకనేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ పిల్ల చెవులు నిక్షేపంలా ఉన్నాయంది. తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు డాక్టరమ్మ, తన పెదాలు బాగా కనిపించేలా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పిల్ల మెదడు విన్నదాన్ని బట్టే ఎదుగుతుందమ్మా. మీ ఇంట్లో దానికి వినడానికి ఏం దొరికింది?"

తల్లి పిల్ల పెదాల వైపు చూసింది.

చేతులతో నేర్చిందీ మాటేననీ, అది వృథా పోదనీ డాక్టరమ్మ సర్దిచెప్పింది. ఇకమీదట గొంతుతో మాట్లాడాలి, అంతకన్నా ముందు పాడాలి. పాటలో మాట సాగి సాగి వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. తాళం ఎక్కడ పడుతుందో తెలిస్తే, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పిల్లకి పట్టు దొరుకుతుంది. రేడియో పెట్టేసి ఊరుకుంటే చాలదు, ఎదురుగా మనిషి ఉండాలి. వయసు ఇంకా మించిపోలేదు గానీ జాగు చెయ్యకూడదు. మాటే రాకపోతే ఆ హాస్టలు బడే దిక్కు, బడి తెరిచేలోగా ఒక్క మాటైనా వస్తే పంతులమ్మతో తనే మాట్లాడతానంది.

"నా పాట నాకే వినపడదండీ," అంది తల్లి.

"వినాల్సింది మీరు కాదు కదా."

ఆమెకి పాటలెక్కడొచ్చు? మగ్గం దెబ్బ ఒక్కటే ఆమె అరికాళ్లకి తెలుసు. ఆ దెబ్బకే, పోగు మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె మీద మాటలు కట్టింది. నాడె పోయె, నాడె వచ్చె, పోగు తెగె, ఎవరు కట్టె? అక్కడ ఆగి, 'అమ్మ' అన్న జవాబు కోసం పిల్ల వైపు చూసేది. శ్రుతి ఒక దిక్కు, గొంతు ఒక దిక్కు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను గానీ చెవిటివాడే ఊదడం ఇప్పుడే చూస్తున్నానని అత్త వేళాకోళమాడింది. కోడలు నవ్వలేదు. అత్త నాలుక కరుచుకుంది. మర్నాటి నుంచి తనే పక్కన కూర్చుని చేత్తో తాళం వేస్తూ, గొంతు కలిపింది. అనగా అనగా రాగం అని ధైర్యం చెప్పింది.

పిచ్చుక వాళ్ల ఎదుట కూర్చుని ఊగేది. తల్లి ఆగిన చోట పెదాలు కలిపి విడదీసేది, 'అమ్మ' అని. పెదాలే. అత్త చెవి ఒగ్గి విని, లేదన్నట్టు తలూపేది. తల్లి పిల్ల అరచెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని మళ్లీ పాడేది. పిల్ల ఆ అదురుకి కళ్లు పెద్దవి చేసేది, తన గొంతు తడుముకునేది, అంతే.

బడి తెరిచే రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం తల్లి గోడవైపు తిరిగి, హాస్టలు కోసం పిల్ల గౌన్లు మడుస్తోంది. ఏడిస్తే పిల్ల చూస్తుందని అలా తిరిగింది. అలవాటు కొద్దీ పాడుతూనే ఉంది. పోగు తెగె, ఎవరు కట్టె? ఆగింది, పిల్ల వైపు చూడకుండానే మళ్లీ ఎత్తుకుంది.

భుజం మీద చెయ్యి పడింది. అత్త. పాత మగ్గాల మాటలోనే పెదాలు కదిపింది: అంది. పిల్ల అంది.

తల్లి తిరిగింది. జవాబిచ్చినా తనవైపు చూడలేదన్న కోపంతో పిచ్చుక నిలబడి ఉంది. పెదాలు కలిశాయి, విడిపోయాయి. రోజూ చూసే పెదాలే. చూస్తే ఏం తెలుస్తుంది?

ఆమె మోకాళ్ల మీద కూర్చుని పిల్ల గొంతు మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరు కట్టె?" అని అడిగింది.

అరచేతి కింద గొంతు అదిరింది.

"మళ్లీ అనవే తల్లీ," అంది. పిచ్చుక మళ్లీ అంది. తన బిడ్డ గొంతు ఎలా ఉంటుందో తనకి ఎప్పటికీ తెలియదని ఆమెకి తెలుసు. చెయ్యి తియ్యకుండా, మళ్లీ అనమంది.