ఖాళీ అని రాసిన రోజులు

నేను ఒక గోడ క్యాలెండర్ని. పోయినేటి సరుకును కాబట్టి ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, పగిలిన బకెట్ల మధ్య పడి ఉన్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. నిరుడు ఇదే రోజుల్లో నన్ను అడగందే గడప దాటనివాళ్లు ఎంతమందో. రాహుకాలం, వర్జ్యం, అమావాస్య అన్నీ నా ఒంటి మీదే ఉండేవి మరి.

పల్నాడులో ఒక ఎరువుల కొట్టాయన తన పేరు నా నుదుటన అచ్చు వేయించుకుని, వచ్చిన వాళ్లందరికీ ఊరికే పంచాడు. అలా నేను మస్తాన్ మాస్టారి చేతిలో పడ్డాను. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వర్జ్యాలతో ఆయనకు పనిలేదు, కావలసిందల్లా నా గళ్లు. కొత్త సంవత్సరం ముందు కూర్చుని ఏడాది మొత్తం నింపేశాడు. పరిగెత్తాల్సిన రోజున ఎర్ర సిరాతో ‘పరుగు’ అని, ఒంటికి విశ్రాంతి ఇవ్వాల్సిన రోజున నీలం సిరాతో ‘ఖాళీ’ అని రాశాడు. మూడు వారాలు పరుగు పెంచి నాలుగోవారం తగ్గించాడు. ఎండాకాలం చివర్లో అయితే వరసగా ఖాళీలే. చివరికి డిసెంబరులో ఒక గడి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. క్రీడా అకాడమీకి పిల్లల్ని ఎంపిక చేసేది ఆ రోజే.

ఇదంతా కోటేశ్వరి కోసం. ఆయన దగ్గరే పరుగు నేర్చి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న, తండ్రి లేని పిల్ల. ఎంపికైతే తిండీ చదువూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. పై ఏడాదికి వయసు దాటిపోతుంది, మళ్లీ రానివ్వరు.

“పరుగెంతో ఖాళీ కూడా అంతే తల్లీ. ఒళ్లు గట్టిపడేది ఆ రోజే,” అని చెప్పి మాస్టారు స్వయంగా నన్ను వాళ్ల గోడకు తగిలించి వెళ్లాడు. వాళ్లమ్మ అచ్చమ్మ అప్పుడు మిరపచేలో ఉంది. ఆ మాట ఆమె చెవిన పడలేదు.

సాయంత్రం వచ్చి అక్షరాలు కూడబలుక్కుంటూ నన్ను చదివింది. ‘పరుగు’ చూసి సరేననుకుంది. ‘ఖాళీ’ చూసి ఆమె ముఖం విచ్చుకుంది.

“ఎల్లుండి ఖాళీయేగా కోటీ, కోతకు రా. మనిషి తక్కువైంది.”

పిల్ల నా నీలం గడి వైపు చూసి, సరేనంది. అంతే, ఏడాది అలాగే గడిచింది. పరుగు రోజున పరుగు, ఖాళీ రోజున కూలి. ఎండలో వంగి కాయలు కోసింది, కళ్లంలో గోతాలు మోసింది, వానలు పడ్డాక బురదలో నారు నాటింది. మాస్టారు ఆ గళ్లలో ‘వర్జ్యం’ అని రాసినా బాగుండేది. అచ్చమ్మ ఆ పిల్లను గడప దాటనిచ్చేది కాదు. వర్జ్యంలో కొడవలి కూడా ముట్టని మనిషి ఆమె. నాకా, నోరు లేకపాయె.

వినాయక చవితి దాటాక పిల్ల వేగం తగ్గింది. మోకాలి కింద సలుపుతోందని కొబ్బరినూనె రాసుకునేది, తల్లి చూస్తే పావడా కిందికి లాక్కునేది. అలసట ఎక్కువైందని మాస్టారు పసిగట్టాడు. పాపం మంచి మనిషి, మర్నాడే ఇంటికొచ్చి నాలుగైదు ‘పరుగు’లు కొట్టేసి వాటి మీద ‘ఖాళీ’ అని రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే పత్తి తీతలు మొదలయ్యాయి, ఆ రోజులన్నీ పత్తిచేనుకే పోయాయి.

నవంబరు ఆఖర్న గ్రౌండులో మలుపు తిరుగుతూ పడిపోయింది. ఎముక ఎప్పుడో సన్నగా చిట్లిందట, దాని మీదే ఇన్నాళ్లూ పరిగెత్తిందట. కాలికి పిండికట్టుతో తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మాస్టారు నా ముందు నిలబడి కాగితాలు తిరగేశాడు.

“ఇన్ని ఖాళీలిచ్చానే. ఎట్టా విరిగింది?”

“ఖాళీగా ఉందిగదా అనే నేను పనికి తీసకపోయా సారూ,” అంది అచ్చమ్మ. “పోగూడదని నాకెవురు చెప్పారు?”

ఆయన పిల్లవైపు తిరిగి, “నువ్వన్నా చెప్పాల్సింది గదమ్మా,” అన్నాడు.

“అమ్మ ఎండలో వంగి కోస్తంటే, నేను పడుకుంటానని ఎట్టా చెప్పేది సార్?”

మాస్టారు వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, వాకిలి దాకా పోయి తిరిగొచ్చాడు.

ఎర్ర సున్నా రోజు రానే వచ్చింది. అచ్చమ్మ ఆ పొద్దున పనికి పోలేదు. పొయ్యి కూడా వెలిగించలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని కూతురి పాదం పట్టుకుంది. బయట కూలీల ఆటో వచ్చి ఆగింది, హారన్ కొట్టింది. ఆమె కదల్లేదు.

“పొమ్మా,” అంది కోటేశ్వరి.

“ఇయ్యాల నేనెక్కడికీ పోను.”

పిల్ల ఇన్నాళ్లూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు బయటపడింది.

“ఎన్నడూ కూర్చోనిదానివి, నువ్విట్టా ఊరికే కూర్చుంటే నాకు భయమేస్తందమ్మా. చేలోకి పో.”

అచ్చమ్మ కూతురి పాదం మెల్లగా వదిలింది. తర్వాత లేచి, తలగుడ్డ చుట్టుకుని, ఆటో ఎక్కడానికి వెళ్లింది.