మిద్దె మీద చవుడు

దిమ్మిసను రెండు చేతులా ఎత్తి దించుతున్నాడు సుంకప్ప. ఎండ ఇంకా మిద్దె మీదికి ఎక్కలేదు. దిమ్మిస పడినచోటల్లా తెల్లటి చవుడు దుమ్ముగా లేచి అతని మోకాళ్ళ దాకా పట్టుకుంది. కొంచెం జరగడం, మళ్ళీ కొట్టడం. గోడౌనులో శనక్కాయ మూటలు మోసే మనిషికి ఇదొక బరువు కాదు. కానీ ఈమధ్య దిమ్మిస ఎత్తినప్పుడల్లా ఎడమ రొమ్ములో ఏదో పట్టేసినట్టవుతోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మిద్దె ఎక్కనివ్వరు.

అనంతపురం పాతూరు సందులో ఉంది ఆ ఇల్లు. రాతి గోడలు, వేప దూలాలు, పైన బండలు పరిచి, నీళ్ళు దిగకుండా చవుడు మట్టి కప్పిన మిద్దె, దాని నడుమ వెలుతురు కోసం వదిలిన గవాక్షి. చుట్టుపక్కల అందరూ స్లాబులు వేసుకున్నారు, ఇలాంటి కొంప ఎవరికీ అక్కర్లేకపోయింది, కాబట్టే సుంకప్పకు అందింది. గార్లదిన్నె పక్క పల్లె నుంచి భార్య గంగాదేవిని వెంటబెట్టుకుని వచ్చిననాటి నుంచీ ఈ ఇల్లు కొనేదాకా వాళ్ళ కాపురమంతా బాడుగ రేకుల గదుల్లోనే. వానొస్తే లేచి, పిల్లవాణ్ణి మూలకు జరిపి, కారే చోటల్లా గిన్నెలు పెట్టడమే. వాన కోసం ఊరంతా మొహం వాచిపోయే ఈ సీమలో, తీరా అది వస్తే తిట్టుకోవాల్సిన బతుకు! ఎంత పాపిష్టి బతుకో సుంకప్పకే తెలుసు. ఒక్క వాన. సొంత ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, గిన్నెలు జరపకుండా ఒక్క వాన చప్పుడు వినాలని అతని ప్రాణం కొట్టుకునేది.

కొడుకు సురేంద్ర ఆటో తోలుతాడు. వాడికి అంత ఓపిక లేదు. ఇంట్లో చేరిన కొత్తలోనే, కారుతుందో లేదో తేల్చేస్తానని ట్యాంకరు నీళ్ళు బిందెలతో మోసుకెళ్ళి ఎండిన మట్టి మీద గుమ్మరించాడు. దిమ్మిసతో గట్టిపరచని చవుడు మీద అలా ఎవరైనా గుమ్మరిస్తారా! మిద్దె గుంతలు పడింది. కింద పరుపంతా బురద. గంగాదేవి నెత్తి కొట్టుకుంది.

"నాయనా, ఈ మన్నంతా పెరికేసి రేకులు ఏపిస్తా. నాతో కాదు ఈ మన్ను సంసారం."

"ఒక్క వాన పడనీరా. అప్పుడు కారితే నీ ఇష్టం. నేను నోరెత్తితే అడుగు."

"వాన యాడుండాది ఈడ?"

విడపనకల్లు వైపు నుంచి మబ్బులు రావడం, ఊరి మీద కాసేపు నిలబడడం, చుట్టపుచూపుగా వచ్చినట్టు వెళ్ళిపోవడం. అయినా సుంకప్ప పట్టు విడవలేదు. ఎక్కడ పాత మిద్దె కూలగొడుతున్నారని విన్నా సంచి పట్టుకుని పరుగెత్తేవాడు. "అన్నా, ఈ చవుడు మీకేం పనికొస్తాది, నేను ఎత్తుకపోతా" అని బతిమాలేవాడు. ఎవరెవరి ఇళ్ళ నెత్తిన ఉన్న మన్నో తెచ్చి తన ఇంటి నెత్తిన పోసుకున్నాడు. ఇప్పుడిక వాననీళ్ళు బయటికి పోయే దోనె దగ్గరి మూల ఒక్కటే మిగిలింది.

"ఏమయ్యా, దిగుతావా లేదా? సంగటి చల్లారిపోతాండాది!" గవాక్షి కింద నిలబడి తల పైకెత్తి అరిచింది గంగాదేవి.

సుంకప్ప వంగి చూశాడు. "ఈడ్నుంచి చూస్తే నీ మొగం పెండ్లినాటి మాదిరే ఉండాది మే."

"ముసలోనికి సరసమొకటి! దిగు ముందు."

నవ్వుకుంటూ దిగి, సంగటి తిని, తువ్వాలు భుజాన వేసుకుని పనికి పోయాడు. మధ్యాహ్నం దాటాక మేస్త్రీ అతని వాలకం చూసి, "మొగమంతా పాలిపోయింది, ఇంటికి పో సుంకన్నా" అని పంపించేశాడు. పోయేవాడు తిన్నగా ఇంటికి పోతే సుంకప్ప ఎందుకవుతాడు? దారిలో కూలగొట్టిన మిద్దె దగ్గర ఆగి ఆఖరి సంచి నింపుకున్నాడు. దోనె దగ్గర పోసి, దిమ్మిసతో కొట్టి, గవాక్షి మీదికి బండ జరిపి దిగాడు. ఇల్లు చీకటైంది.

"ఎందుకు మూసినావు?" అంది గంగాదేవి.

"మబ్బు పట్టింది."

చేతులైనా కడుక్కోకుండా గూట్లోంచి సత్తు గిన్నె తీసి, సురేంద్ర నీళ్ళు పోసినప్పుడు బురద కారిన చోట నేల మీద పెట్టాడు. "ఇది ఈడే ఉండనీ. వాన పడినంక సురేంద్రకు చూపిద్దాం. ఒక్క చుక్క ఉన్నా వాడు గెలిచినట్టే."

"సరేలే, చేతులన్నా కడుక్కోపో. టీ పెడతా."

"కొంచేపు పండుకుంటా" అని గోడ పక్కన ఒరిగాడు.

ఆమె టీ తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. భుజం పట్టి కదిపింది. అరచేతి గీతల్లో చవుడు ఇంకా తెల్లగా ఉంది. చెయ్యి మాత్రం చల్లబడింది. ఆ మబ్బు కూడా కురవకుండానే పోయింది.

మరుసటిరోజు మట్టి చేశారు. చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, పోయారు. నడవడానికి అడ్డంగా ఉందని ఎవరో గిన్నె తీయబోతే గంగాదేవి ఒక్క కసురు కసిరింది. "దాన్ని ముట్టద్దు!"

పెద్దదినం అయిపోయాక ఒక మధ్యాహ్నం వాన దిగింది. కొన్నేళ్ళుగా ఊరు చూడని వాన. చప్పుడు వినగానే గంగాదేవి అలవాటుగా లేచి వంటగిన్నెల వైపు పరుగెత్తింది. సురేంద్ర ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూచో మా. నాయన ఊరికే కూచోవాలనుకున్నాడు గదా."

ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. దోనెలోంచి నీళ్ళు సందులోకి ధారగా దూకుతున్నాయి. గంగాదేవి ఏడుస్తూనే వింటోంది. ఈ చప్పుడు అతను వినకుండా పోయాడే! సురేంద్ర పైకి చూస్తాడు, గిన్నె వైపు చూస్తాడు, మళ్ళీ పైకి చూస్తాడు.

వాన వెలిశాక పైకెక్కి గవాక్షి బండ జరిపాడు. వెలుతురు వచ్చి నేల మీద పడింది. కిందికి వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు.

"రేకులొద్దులే మా" అన్నాడు.

గిన్నె అంచున సుంకప్ప చవుడు వేళ్ళ గుర్తులు తెల్లగా, పొడిగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.