ఓ గ్రోవే ఒడ్డున అన్న మాట

రంగూన్ లో, చౌక్తడా పేటలో మేముండేది నాలుగో అంతస్తు. వరండాలోంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. దాని పై కొసన చిన్న ఇత్తడి గంట. మనకి తెలిసినవాళ్లు కింద నిలబడి తాడు లాగుతారు, పైన గంట మోగుతుంది, మేం తొంగి చూసి తాళంచెవి కిందికి వదులుతాం. అందుకే గంట మోగితే నాకు భయం లేదు. గంట మోగకుండా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితేనే గుండె జారిపోతుంది.

పోయిన వారం అలాగే వినపడింది. ఆ రోజు నేనన్న మాటకి మా చిన్న మనవరాలు అమ్ములు ఇంకా నా మీద కోపంగానే ఉంది. నేను చెప్తుంటే ఇది రాస్తున్నదీ అదే. ఆ మాట ఎందుకన్నానో తెలియాలంటే ముందు ఓ గ్రోవే సంగతి చెప్పాలి.

ఓ గ్రోవే స్పెయిన్ దేశంలో, గలీసియా అనే చోట సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పీతలకీ గుల్లలకీ పేరు పడిన ఊరు. మా పెద్ద మనవరాలు రాధారాణి అక్కడొక హోటల్లో వంట చేస్తుంది. నేను నలభై ఏళ్లు రంగూన్ లో చిమిండైంగ్ చేపల రేవులో గంపలు మోసినవాణ్ణి కదా, ఆ ఊరు నాకు చూపించాలని దానికి ఆశ. నన్ను పిలిపించింది. వెళ్లాను.

మొదటి రోజు హోటల్లో నా ముందు ఒక పళ్లెం పెట్టింది. అందులో రాళ్లకి పట్టి పెరిగేవేవో ఉన్నాయి. నల్లటి తోలు, కొసన గోళ్లు.

"ఇవి తినాలా, దండం పెట్టాలా?" అన్నాను.

"తిను తాతా. ఇవి కొయ్యడానికి అలల్లోకి దిగి పేనాలు పోగొట్టుకుంటారు ఇక్కడ."

"మరి నన్నేటి సెయ్యమంటావే గుంటా, నానూ పోగొట్టుకోవాలా?"

అది పడీపడీ నవ్వింది. తరువాత నవ్వు ఆపి నా పక్కన కూర్చుంది. అక్కడ ఉండడానికి దాని కాగితం ఇంకా రాలేదట. అర్జీ పెట్టిందట, వచ్చే నెలలో తేలుతుందట.

"నా పేరు మీద గొడవేటీ లేకపోతే సాలు తాతా. కాగితం రాకపోతే రంగూన్ కి తిరిగొచ్చీడమే."

రంగూన్ లో ఈడొచ్చిన పిల్లల పేర్లు వార్డువాళ్లు రాసుకుంటున్నారని, రాసుకుని పట్టాళంలోకి లాక్కుపోతున్నారని దానికీ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆ క్షణం నుంచి నాకు ఆ ఊళ్లో భయం పట్టుకుంది. రోడ్డు దాటాలంటే ఆకుపచ్చ దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలిగేదాకా ఆగేవాణ్ణి. దగ్గొచ్చినా ఉమ్మేవాణ్ణి కాదు.

అయిదో రోజు పొద్దున్న సముద్రం బాగా వెనక్కి పోయింది. హోటల్ ఎదురుగా బురద బయటపడింది. దూరంగా రబ్బరు బూట్లేసుకున్న ఆడవాళ్లు వంగి పలుగుల్లాంటి వాటితో గుల్లలు తీస్తున్నారు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను రంగూన్ నదికి అవతల డాలా వైపు తీసుకుపోయి, నది బురదలో మడమతో నొక్కి గుల్ల ఎక్కడుందో కనిపెట్టడం నేర్పింది. నాకు అది గుర్తొచ్చింది. బురద ఎవరిదీ కాదనే అనుకున్నాను, మా దగ్గర ఎవరిదీ కాదు. చెప్పులు విప్పి, లుంగీ ఎగ్గట్టి దిగాను. మడమ కింద గట్టిగా తగిలింది. వేళ్లతో తీశాను. మళ్లీ తగిలింది. ఆ ఊరు వచ్చాక భయం మరిచిపోయింది ఆ కాసేపే. లుంగీ మడతలో గుప్పెళ్లకొద్దీ వేసుకున్నాను, రాణికి ఇచ్చి పులుసు పెట్టమందామని.

ఈల వినపడింది.

ఒక మనిషి వస్తున్నాడు. ముదురు రంగు కోటు, భుజం మీద గుర్తు, చేతిలో మాట్లాడే పెట్టె. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పరుగెత్తితే ఏమవుతుందో రంగూన్ లో చూశాను. అతను ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. లుంగీ మడత వైపు వేలు చూపించాడు.

అప్పుడే హోటల్లోంచి రాణి వంట గుడ్డతోనే పరుగెత్తుకొచ్చింది. "తాతా! తాతా!"

నాకు తోచింది ఒక్కటే. ఈ పిల్ల నాదని ఈ మనిషికి తెలిస్తే దాని పేరు రాసుకుంటాడు. దాని కాగితం పోతుంది. నేను దాని మొహం చూడకుండా అన్నాను:

"నువ్వెవులో నాకు తెలీదు. ఎల్లిపో ఇక్కణ్ణుంచి."

"ఏటి తాతా? ఏటంతన్నావు?"

"తెలీదన్నాను గదా! పో!"

ఆ మనిషికి నా చెయ్యి అడ్డంగా ఊపి చూపించాను. ఈ పిల్లకీ నాకూ ఏమీ లేదని. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. రాణి బురదలో అలాగే నిలబడిపోయింది. ఇంకోసారి సైగతో అడిగాడు. నేను తల తిప్పుకున్నాను.

నన్ను బండెక్కించాడు. ఆఫీసు లాంటి గదిలో కుర్చీ వేశాడు. కాఫీ ఇచ్చారు. నేను ముట్టుకోలేదు. తాగితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందేమో అనిపించింది. గోడ మీద గుల్లల బొమ్మలు ఉన్నాయి. లుంగీలో గుల్లలు తడితడిగా నా తొడకి తగులుతున్నాయి. కొడతారా, ఎక్కడికైనా పంపుతారా, రాణిని కూడా పట్టుకొస్తారా అని తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు.

తలుపు తెరిచి వచ్చింది రాణి. దాని చేతిలో నా పాస్‌పోర్టు. వెనక హోటల్ యజమానురాలు. వాళ్లిద్దరూ ఆ మనిషితో మాట్లాడారు. ఆ మనిషి నా గుల్లల్ని ఒక ఇనుప కొలతలోంచి దూర్చి చూపించాడు. అన్నీ దూరిపోయాయి. అతను పోలీసు కాదట, గుల్లలకి కాపలా కాసేవాడట. చిన్నవి తియ్యకూడదట, అనుమతి ఉన్న ఆడవాళ్లే తియ్యాలట. గుల్లలు బాల్చీలో పోసుకుని నన్ను వెళ్లమన్నాడు. అంతే.

బయటికొచ్చాక రాణి నాకన్నా ముందు గబగబా నడిచింది. చివరికి ఆగింది.

"నాను నీ మనవరాలినని నువ్వొప్పుకునుంటే నిన్ను అక్కడే వదిలేద్దును అన్నాడు తాతా. మతి లేని ముసలాయన, ఎవులూ లేరనుకుని, పోటొస్తే కొట్టుకుపోతాడని తీసుకొచ్చాడట."

"నీ కాగితం పోతాదనే గదమ్మా నానన్నాను."

"పోతే పోనీ. నా సిన్నప్పుడు నన్ను బుజాన ఎక్కించుకుని తిప్పినోడివి. అందరి ముందూ నానెవులో తెలీదన్నావు."

అది ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలికయ్యేది.

"ఇంకెప్పుడూ అనను," అన్నాను. "ఒట్టు."

నేను తిరిగొచ్చిన నెలలో దాని కాగితం వచ్చింది. గుల్లల సంగతి అందులో లేదట. ఫోన్లో అది చెప్పేదాకా నాకు అన్నం సహించలేదు.

ఇక పోయిన వారం మధ్యాహ్నం. గంట మోగలేదు. చెప్పుల చప్పుడు మూడో అంతస్తు దాటి పైకే వచ్చింది. వార్డు ఆఫీసు నుంచి ఇద్దరు, చేతిలో మా ఇంట్లోవాళ్ల పేర్ల జాబితా. ఒక్కొక్క పేరూ చదివి మనిషిని చూస్తున్నారు. దండాసి అంటే నేను. అమ్ములు, గుమ్మం దగ్గర ఉంది. ఆ తరువాత గుమాస్తా ఆగాడు.

"రాధారాణి ఎవరు అబా?" అని బర్మా మాటల్లో అడిగాడు. అబా అంటే తాత, పెద్దవాడినని గౌరవంగానే అడిగాడు. "ఎవరో పాత పేరయితే చెప్పు, కొట్టేస్తాను."

కింది అంతస్తువాళ్లు అలాగే చెప్పారని మాకు తెలుసు. అమ్ములు వాళ్ల వెనక నిలబడి నాకు సైగ చేస్తోంది, తెలీదను, తెలీదను అని. పేరు కొట్టేస్తే ఎవరూ ఇంకేమీ అడగరు. ఉంచితే ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అని అడుగుతారు, మళ్లీ మెట్లెక్కుతారు. కాని కొట్టేస్తే రాణికి ఈ ఇల్లు లేనట్టే.

బురదలో దాని మొహం నేను చూడలేదు. ఇప్పుడు అదే మొహం కళ్లముందుకు వచ్చింది.

"నా మనవరాలు," అన్నాను. "పెద్దది. పరదేశంలో వంట చేస్తుంది. ఇది దాని ఇల్లు."

గుమాస్తా నన్ను ఒక క్షణం చూశాడు. పేరు పక్కన చిన్నగా ఏదో రాశాడు. ఇద్దరూ దిగిపోయారు.

"ఏటి రాసినాడో సూసినావా?" అని అడిగాను.

"కనపడ్లేదు. ఎందుకు సెప్పినావు తాతా? ఇప్పుడు మల్లీ వస్తారు!" అని అమ్ములు ఏడ్చింది.

రాణికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"బయమేసిందా తాతా?"

"ఏసింది. ఇప్పుడూ ఏస్తంది."

"అయినా సెప్పినావు."

"సెప్పినాను."

వాళ్లు మళ్లీ వస్తారనే అనుకుంటున్నాను. పగలంతా వరండాలోనే కూర్చుంటున్నాను, చెవి మెట్ల వైపు పెట్టుకుని. కింద ఎవరో తాడు లాగుతారు, గంట మోగుతుంది, గుండె కుదుటపడుతుంది. తరువాత వీధి సద్దుమణిగి మళ్లీ వినడం మొదలుపెడతాను. జాబితాలో ఆ పేరు పక్కన ఏముందో నాకు తెలియదు. పేరు మాత్రం ఉంది.