మూడు పాయింట్ నాలుగు

షూటింగ్ రేంజి వెనక రేకుల షెడ్డులో పిస్తోళ్లు బాగుచేసే మనిషిని అందరూ ఆకురాయి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ పనిముట్టు పట్టి పట్టి బొటనవేలు ఓ పక్కకి వంగిపోయింది. కొలిచి పనిచేయడం ఆయనకి నామోషీ. నా కన్నుని మించిన వెర్నియర్ ఇంకా పుట్టలేదనేవాడు. విన్నవాళ్లు తలూపేవాళ్లు. ఊపకపోతే వాళ్ల పని వారం వెనక్కి పోయేది మరి.

ఆ కన్నే మేనకోడలి కొంప ముంచింది.

పిస్తోలుకి గురిచూసే సైటులో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. గొట్టం కొసన నిలబడే పలక ఒకటి, కంటివైపు చిన్న గాడి ఒకటి. గాడిలోంచి చూస్తే పలకకి రెండు పక్కలా వెలుతురు గీతలు సమానంగా కనపడాలి. అవి మరీ సన్నమైతే కన్ను అలిసేసరికి మూసుకుపోతాయి. మరీ లావైతే పలక గాడిలో అటూ ఇటూ జరుగుతున్నా తెలీదు, గుండ్లు పక్కలకి పోతాయి. ఎంత వెడల్పు గాడి ఎవరికి నప్పుతుందో వాళ్ల చెయ్యి పొడుగు చెప్పాలి, వాళ్ల కన్ను చెప్పాలి. ఇంకొకడు చెప్పేది కాదు.

అక్క కూతురు ఆ సంగతి పట్టుకుంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని దానిది. షిఫ్టు దిగి నెల రోజులు రేంజికి వచ్చింది. పెట్టెలో పడున్న పాత గాడి ముక్కల్ని ఒక్కొక్కటే వెర్నియర్‌తో కొలిచి, బిగించుకుని, ఒక్కోదానితో అరవై గుండ్లు కాల్చి, లెక్క రాసుకుంది. చివరికి నచ్చిన ముక్క అంచులు అరిగిపోయి ఉంది. అదే కొలతతో కొత్తది చేసిపెట్టమని, చీటీ మీద అంతా రాసి మామయ్య చేతిలో పెట్టింది.

నిన్నగాక మొన్న పిస్తోలు పట్టిన పిల్ల నాకు కొలతలు రాసిచ్చేంతదైందా అనుకున్నాడాయన. చీటీ మడత విప్పకుండా జేబులో పడేశాడు. తన పొడుగాటి చెయ్యి చాచి, అరవై ఏళ్ల కన్నుతో చూసుకుంటూ, వెలుతురు తనకి హాయిగా కనపడేదాకా గాడిని అరగదీశాడు.

టీము సెలెక్షన్ ముందురోజు ఆ పిల్ల బిగించి చూసుకుంది. "గీతలు లావుగా ఉన్నాయి మామయ్యా. మూడు పాయింట్ నాలుగేనా ఇది?"

"అదే. కొత్తది కదా, అలవాటవుతుందిలే."

ఆ అంకె ఆయన అప్పుడే మొదటిసారి విన్నాడు.

గురువారం సెలెక్షన్. టీములోకి ఆరుగురు. ఈ పిల్ల ఏడోది, రెండే రెండు పాయింట్ల తేడాతో. దాని కాగితం మీద చిల్లులు బట్టలారేసిన తీగలా అడ్డంగా సాగి ఉన్నాయి. కోచ్ ఆ కాగితం పదిమందికీ ఎత్తి చూపించి, వేలు బెదిరిందన్నాడు, ఆడపిల్లలకి పోటీ అనేసరికి గుండెదడ అన్నాడు. మగవాళ్లంతా అవునవునన్నారు. పనిముట్టు చేసినవాడిని అడిగే దిక్కులేదు, పట్టుకున్న చెయ్యే దోషి. ఫ్యాక్టరీలో సూది విరిగినా దాన్నే అంటారు, ఇక్కడా దాన్నే అన్నారు. ఆకురాయి గుంపు వెనకే నిలబడ్డాడు. ఆ తీగలాంటి వరస చూసీ చూడగానే ఆయనకి అర్థమైంది. తుడిచిస్తానని పిల్ల దగ్గర పిస్తోలు తీసుకున్నాడు.

షెడ్డులోకొచ్చి తలుపేసుకుని, సొరుగు అడుగునున్న వెర్నియర్ తీసి ఆ గాడిని కొలిచాడు. మూడు పాయింట్ తొమ్మిది మిల్లీమీటర్లు. అప్పుడు విప్పాడు చీటీ. "3.0 - నలభై గుండ్లు దాటితే మూసుకుపోతోంది. 3.7 - పక్కలకి పోతున్నాయి. 3.4 - ఇదే నాది." కింద పెన్సిలుతో చిన్నగా, "మామయ్య అయితే సరిగ్గా చేస్తాడు" అని రాసి, సిగ్గుపడి కొట్టేసింది. కొట్టేసినా కనపడుతోంది.

శుక్రవారం అక్క ఫోన్ చేసింది. పిల్ల అన్నం ముట్టడంలేదట, ఖాళీ పిస్తోలు గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ కూచుందట, వేలు బొబ్బలెక్కిందట. నువ్వు చెప్తే వింటుంది, ఇక మానెయ్యమని చెప్పరా అంది. సరేనన్నాడు.

రేంజిలో ఒక నియమముంది. ఎంపిక జాబితా పైకి వెళ్లకముందు, ఆయుధంలో లోపమని దాన్ని చేసినవాడే రాసిస్తే, జాబితా ఆపి దాంతో కాల్చినవాళ్లకి మళ్లీ అవకాశమివ్వాలి. జాబితా శనివారం అయిదింటికి వెళ్తుంది. మూడింటిదాకా ఆకురాయి బల్ల తుడిచాడు, తుడిచిందే తుడిచాడు. రాస్తే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. రాయకపోతే ఆ పిల్ల బతుకంతా తన వేలినే తిట్టుకుంటుంది. నాలుగింటికి కాగితం పట్టుకుని కోచ్ గదిలోకి వెళ్లాడు.

కోచ్ రెండుసార్లు చదివాడు. "ఇది బోర్డు మీద పెట్టాలి కదన్నా. రేపట్నుంచి మీ షెడ్డుకి ఎవడొస్తాడు?"

"రాకపోతే మానెయ్యనీ. మొన్న దాన్ని పదిమందిలో అన్నావు. ఇదీ పదిమందిలోనే చదువు."

కోచ్ జాబితా పక్కన పెట్టాడు. మళ్లీ కాల్చడం రేపు పదింటికి అన్నాడు.

పిల్లని షెడ్డుకి పిలిపించి, చీటీ బల్లమీద పెట్టి, దాచుకోకుండా అంతా చెప్పాడు. అది ఏడవలేదు. ఏడిస్తే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

"మూడు పాయింట్ నాలుగేనా అని అడిగానా నిన్ను?"

"అడిగావు."

"అదేనన్నావా?"

"అన్నాను."

పట్టీ వేసిన వేలు ఆయన కళ్లముందు పెట్టింది. "నీ ఒంటి కొలతతో నాకు చొక్కా కుట్టావు మామయ్యా. వదులైతే నా ఒళ్లే తప్పన్నారు, నువ్వు వింటూ నిలబడ్డావు."

ఆయన కొత్త ముక్క వైస్‌లో బిగించి ఆకురాయి అందుకున్నాడు. ఆ పిల్ల ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఎలా పెట్టాలో చెప్పు, నేను అరగదీసుకుంటా. నువ్వు కొలువు."

ఒక్కో రాపిడికీ ఆగింది. ఆయన వెర్నియర్ పెట్టి చూసి, ఇంకా ఉందిలే అన్నాడు.

"ఇంకా కాదు. అంకె చెప్పు."

వెర్నియర్ మీది గీతలు కనపడలేదు ఆయనకి. ఎవరికీ తెలీకుండా చొక్కా లోపలి జేబులో దాచుకు తిరిగే కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"మూడు పాయింట్ రెండు."

ఆ పిల్ల కళ్లద్దాలకేసి చూసింది. తర్వాత వెర్నియర్ ఆయన చేతిలోంచి తీసుకుని, కిటికీ వైపు తిప్పి, తనే ఓసారి చూసుకుంది. సరిపోయాకే తర్వాతి రాపిడి పెట్టింది.